పద్నాలుగు క్లోరైడులు

ప్రయోగశాలలో కొత్తగా చేరే పిల్లలకు నేను ముందు చెప్పేది చేతుల గురించి కాదు, కళ్ళ గురించీ కాదు, నోటి గురించి.

మా రోజుల్లో రసాయనశాస్త్రంలో సగం పని నోటితోనే జరిగేది. పిపెట్టులోకి ద్రావణాన్ని నోటితో పీల్చేవాళ్ళం. వాష్ బాటిల్ అంటే రెండు గాజు గొట్టాలు బిగించిన ఒక గాజు కుప్పె. ఒక గొట్టంలో నోటితో ఊదితే రెండో గొట్టంలోంచి నీళ్ళు సన్నటి ధారగా వచ్చేవి. లవణాన్ని నాలుక చివర అద్దుకుని పేరు చెప్పేసి గొప్పగా నవ్వే పెద్దమనుషులను కూడా చూశాను. వాళ్ళలో ఒకాయన ఒకసారి సీసపు లవణాన్ని అలాగే రుచి చూశాడు. తియ్యగా ఉందన్నాడు. తియ్యగానే ఉంటుంది. అది విషమని నాలుక చెప్పదు. కనుక రుచి చూడొద్దు. వాసన చూడాలంటే సీసా మూతి దగ్గర ముక్కు పెట్టకుండా అరచేత్తో గాలిని కొంచెం మీవైపు తోలుకోండి. పిపెట్టుకు రబ్బరు బుడ్డి దొరికే రోజులివి. దొరకలేదని చెప్పి నోరు పెట్టకండి.

ఇంత వరకు ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. నేను రాయదలచుకున్నది పుస్తకంలో లేనిది.

బరంపురంలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటరుగా ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను. నేను చేరినప్పుడు గంజాం జిల్లా ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. పరీక్ష పేపర్లు మద్రాసు నుంచి వచ్చేవి, పరీక్షకులూ అక్కడి నుంచే వచ్చేవారు. గాజు సామాను కూడా అక్కడి నుంచే గడ్డిలో చుట్టుకుని రైల్లో వచ్చేది. పెట్టె విప్పాక పగలనివి ఎన్నో ముందు లెక్కపెట్టుకునేవాళ్ళం.

మా తాతగారి కాలంలో పురుషోత్తంపూర్ పక్కన మాకు గ్రామాలుండేవి. నాన్నగారి కాలానికి ఆ గ్రామాల మీద వ్యాజ్యాలు మిగిలాయి. నా కాలానికి గోసాని నువాగాంలో ఒక అద్దె పెంకుటిల్లు, ఒక రాగి మరచెంబు మిగిలాయి. ఇది జాలి కోసం చెప్పడం లేదు. మా ఇంట్లో ఎవరూ ఎవరి జాలీ పుచ్చుకోలేదు. ఆ చెంబుకు ఈ కథలో పని ఉంది కనుక చెబుతున్నాను.

గదిలో మేము

మా లెక్చరరు రామశేషయ్యగారు గోదావరి వైపు మనిషి. పొట్టివాడు, మెల్లగా మాట్లాడేవారు. కోపం వస్తే ఇంకా మెల్లగా మాట్లాడేవారు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది ఒక్క ప్రశ్న. నేను ఏం చెప్పినా, "మీరు చూశారా, అనుకున్నారా?" అని అడిగేవారు. మొదటి ఏడాది ఆ ప్రశ్న నాకు అవమానంగా ఉండేది.

పిల్లలు పంచెలు కట్టుకుని, కండువాలు వేసుకుని వచ్చేవారు. స్పిరిట్ దీపాల మధ్య కండువా వేలాడేస్తే ఏమవుతుందో ఎంత చెప్పినా ఎక్కేది కాదు. ఒక సంవత్సరం ఒకడి కండువా కొస అంటుకుంది. పక్కవాడు దాన్ని లాగి తొట్టిలో పడేశాడు. ఆ తర్వాత కండువాలన్నీ గుమ్మం పక్క మేకులకు తగిలించి లోపలికి రమ్మన్నాను. పిలక ముడి వేసుకోమన్నాను. ఒకరిద్దరు తండ్రులు వచ్చి, కండువా తీయించడమేమిటని గొడవపెట్టారు. తాతగారి పేరు చెప్పి వాళ్ళను నోరు మూయించాను. ఆ పేరు నాకు చేసిన మంచి పనుల్లో అదొకటి.

అప్పన్న ఒక వేసవి సెలవుల తర్వాత అటెండరుగా వచ్చాడు. గోపాలపురం సముద్రపొడ్డున చేపలు పట్టే కుటుంబం వాళ్ళది. ఓడలు దూరంగా ఆగినప్పుడు, అలలు దాటే మసులా పడవల్లో సరుకు ఒడ్డుకు దింపే పనికి వెళ్ళేవాడు. అలల్లో పడవ తిరగబడి భుజం విరిగింది. మళ్ళీ తెడ్డు పట్టలేకపోయాడు. రామశేషయ్యగారు ఎవరి మాట మీదో అతన్ని తీసుకున్నారు. అంత మొరటు చేతుల్లో గాజు ఏమవుతుందోనని నేను భయపడ్డాను. అతను ఏడాదిలో ఒక్క పరీక్షనాళిక కూడా పగలగొట్టలేదు. నేను నాలుగు పగలగొట్టాను.

అతని ముఖ్యమైన పని డిస్టిల్డ్ వాటరు తీయడం. రాగి బట్టీలో నీళ్ళు కాగితే ఆవిరి చల్లారి చుక్క చుక్కగా జాడీలో పడేది. అతను వాటిని 'ఆవిరి నీలు' అనేవాడు. పొద్దున్నే ఏడు వాష్ బాటిళ్ళు ఆ నీటితో నింపి, గొట్టాలు బిగించి, ఒక్కొక్కదాన్నీ ఊది ధార సరిగా వస్తోందో లేదో చూసి బల్ల మీద పెట్టేవాడు. అలా ఊది చూడడం అతని పనిలో భాగమే.

అందరి జవాబూ ఒకటే

ఆ ఏడాది మద్రాసు పరీక్షలకు ముందు రామశేషయ్యగారు ఒక నమూనా పరీక్ష పెట్టారు. పద్నాలుగు మంది పిల్లలకు పద్నాలుగు పొట్లాల్లో లవణాలిచ్చారు. ఏ లవణమో కనిపెట్టి రాయాలి. సల్ఫేటు, నైట్రేటు, కార్బొనేటు ఇచ్చారే గాని, ఒక్కదాంట్లోనూ క్లోరైడు లేదు.

పద్నాలుగు మందీ క్లోరైడు ఉందని రాశారు.

క్లోరైడును పట్టుకోవడం సులువు. ద్రావణంలో నైట్రిక్ యాసిడ్ రెండు చుక్కలు, సిల్వర్ నైట్రేటు రెండు చుక్కలు వేస్తే తెల్లగా అవుతుంది. క్లోరైడు బాగా ఉంటే పెరుగు విరిగినట్టు ముద్దగా తెలుపు వస్తుంది. కొంచెమే ఉంటే గాజు మీద ఊపిరి పట్టినంత పలచటి తెలుపు. ఇక్కడ వచ్చింది ఆ పలచటి తెలుపే.

"కణ హెలా సార్?" ఏమైందని ఒరియాలో మొదలుపెట్టి తెలుగులోకి దిగాడు సూర్యనారాయణ. టోకు కిరాణా వ్యాపారస్తుల ఇంటి పిల్లవాడు. క్లాసులో నోరున్నవాడు. "గోపాలపురం సముద్రం మన బల్లల మీదికి వచ్చీసిందేటి?"

పిల్లలు నవ్వారు. గోపాలపురం అనగానే అందరూ అప్పన్న వైపు చూశారు. నేను కూడా చూశాను.

నా తీర్పు

పాత అటెండరు ఉన్నప్పుడు ఈ తెలుపు లేదు. అప్పన్న వచ్చాక వచ్చింది. బట్టీ నీళ్ళు దిగడానికి గంటలు పడుతుంది. అంత సేపు బొగ్గుల ముందు కూర్చోలేక బావి నీళ్ళతో సీసాలు నింపేస్తున్నాడని నాకు తోచింది. తోచిన వెంటనే అది నిజమైపోయింది. ఇద్దరు ఒకేసారి గదిలోకి వచ్చినంత మాత్రాన ఒకరు రెండోవారిని తీసుకొచ్చినట్టు కాదని క్లాసులో నేనే చెప్పేవాణ్ణి. ఆ రోజు నాకు ఆ మాట గుర్తులేదు.

అప్పన్నను పిలిచి అడిగాను.

"బావి నీళ్ళు పోస్తున్నావా?"

"నేదు బాబూ."

"మరి ఈ తెలుపేమిటి?"

"నాకేటి తెలుసు బాబూ? ఆవిరి నీలే పోసినాను. సుక్క సుక్కా పట్టినాను."

ఇంకేదో చెప్పబోయి ఆగాడు. ఆ ఆగడాన్ని నేరానికి గుర్తుగా తీసుకున్నాను.

ఫిర్యాదు రాసి రామశేషయ్యగారి చేతికిచ్చాను. అది ప్రిన్సిపాలుగారి దగ్గరికి వెళితే అప్పన్న ఉద్యోగం పోతుంది. ఆయన చదివి మడతపెట్టారు.

"మీరు చూశారా, అనుకున్నారా?"

"చూడాల్సింది ఏముందండీ?"

"అయితే చూడండి. ఇవాళ బుధవారం. శనివారం దాకా ఇది నా సొరుగులో ఉంటుంది. మీ రుజువు వస్తే పైకి పంపిస్తానండి."

గుమ్మంలో అప్పన్న నిలబడి ఉన్నాడు. విన్నాడు.

"ఈ పని పోతే రంగం ఓడెక్కాలి బాబూ," అన్నాడు నాతో. "ఈ బుజంతో అక్కడ మూటలెవుడు మొయ్యనిస్తాడు?"

రంగం అంటే రంగూను. మా తీరం నుంచి వేలమంది అక్కడికి కూలికి వెళ్ళేవారు, అందరూ తిరిగి వచ్చేవారు కాదు. రుజువు తెస్తానని నాకు నమ్మకం.

చుక్కను వెనక్కి నడిపించడం

పిల్లలూ, ఇక్కడ నెమ్మదిగా చదవండి. పరిశోధన అంటే పెద్ద మాట. నిజానికి అది తప్పు ఎక్కడ మొదలైందో ఒక్కొక్క మెట్టూ వెనక్కి దిగి చూడడమే. ఒకసారికి ఒక్క మెట్టు దిగాలి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో మీకెప్పటికీ తెలియదు.

గురువారం పొద్దున్న బట్టీ దగ్గరికే వెళ్ళి పడుతున్న చుక్కలను నేరుగా నాళికలో పట్టాను. యాసిడ్, సిల్వర్ నైట్రేటు వేశాను. తెలుపు లేదు. బావి నీళ్ళు పోశాడన్న నా కథ ఇంకా చావలేదు. జాడీలో కలిపి ఉంటాడు అనుకున్నాను. జాడీ నీళ్ళు చూశాను. తెలుపు లేదు. అప్పన్న నా ఎదుటే సీసాలు నింపాడు. అవీ చూశాను. నిర్మలంగా ఉన్నాయి.

పదకొండు గంటలకు క్లాసు మొదలయ్యే ముందు అవే ఏడు సీసాలు మళ్ళీ పరీక్షించాను. ఏడింట్లోనూ తెలుపు.

నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో అప్పన్న సంగతి, ఫిర్యాదు సంగతి మరిచిపోయాను. తొమ్మిదికి లేనిది పదకొండుకి ఎలా వచ్చింది? గది తాళం వేసి ఉంది. తాళంచెవి నా దగ్గరే ఉంది. గాజు నుంచి వస్తోందా? గాలి నుంచా? పక్కగదిలో నిలవ ఉంచిన హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఆవిరా? ఒక సీసాను ఆ గదిలోనే మూత లేకుండా గంట ఉంచాను. తెలుపు రాలేదు.

అప్పుడు ఇంకో ఆలోచన వచ్చింది. అప్పన్న ఊదుతున్నాడు. ఉమ్మిలో ఉప్పు ఉంటుంది. ఎంగిలి! ఈ ఆలోచన నాకు సంతోషం కలిగించిందని ఒప్పుకుంటున్నాను. కొత్తగా నింపిన సీసా ఇచ్చి పదిసార్లు ఊదమన్నాను.

"పదేటి బాబూ, ఇరవై ఊదుతాను," అన్నాడు. ఇరవై ఊదాడు.

తెలుపు రాలేదు.

శుక్రవారం పొద్దున్న ఎప్పటిలాగే అప్పన్న సీసాలు పెట్టి బయటికి వెళ్ళాడు. నేను తలుపు దగ్గరగా వేశాను. మరచెంబు మూత తిప్పాను. మొదటి సీసా ఊదే గొట్టం మీద నీళ్ళు వంపబోయి ఆగిపోయాను.

అప్పన్న వచ్చిన రోజు నుంచి నేను చేస్తున్న పని ఇది. చేపలవాళ్ళ మనిషి నోరు పెట్టిన గొట్టం మీద నేనూ, ఈ పిల్లలూ నోరు పెట్టాలి. మా ఇంటి బావి నీళ్ళు మరచెంబులో తెచ్చి, ఎవరూ చూడకుండా ఒక్కొక్క గొట్టం మీద ఒక్క వంపు పోసి శుద్ధి చేసేవాణ్ణి. పైనుంచి పోసిన నీళ్ళు కొంత కిందికి కారిపోయేవి. కొంత గొట్టంలోంచి సీసాలోకి దిగేది. రోజూ చేశాను, గురువారం సీసాలు పరీక్షించాక కూడా. రెండు రోజులుగా ప్రతి మెట్టూ పరీక్షిస్తున్నవాణ్ణి, ఈ మెట్టును మెట్టుగానే చూడలేదు. ఎందుకంటే ఆ నీళ్ళు నా లెక్కలో నీళ్ళు కావు, శుద్ధి.

చెంబు నీళ్ళు నాళికలో పోసి రెండు చుక్కలు వేశాను. పెరుగు విరిగింది.

మా గోసాని నువాగాం బావి నీళ్ళలో ఉప్పు ఉంటుందని నాకు తెలియదు. ఏళ్ళ తరబడి తాగుతున్నాను. అలవాటైన ఉప్పును నాలుక పట్టుకోదు.

అయినా ఒకసారి వచ్చిన ఫలితాన్ని నమ్మకూడదు. రెండు సీసాలు తీసుకుని ఒకదాని గొట్టం మీద చెంబు నీళ్ళు పోశాను, రెండోదాని మీద పోయలేదు. మొదటిది తెల్లబడింది, రెండోది తెల్లబడలేదు. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అంతే.

ఒక చక్కని అబద్ధం

గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. ఇక మీదట చెంబు తీసుకురాకపోతే చాలు. ఫిర్యాదు పైకి వెళుతుంది, అప్పన్న పోతాడు, తెలుపు పోతుంది. అతను పోయాక పోయింది కనుక తప్పు అతనిదేనని అందరూ నమ్ముతారు. రామశేషయ్యగారు కూడా నమ్మవచ్చు. చూడబోతే రుజువులా ఉండే అబద్ధం అంత చక్కగా అమరడం నేను మళ్ళీ చూడలేదు.

ఆ అబద్ధం వైపు నేను ఎంతసేపు చూశానో చెప్పను. చూశానని మాత్రం చెబుతాను. మా వంశంలో భూములు పోగొట్టుకున్నవాళ్ళున్నారు, దొంగసాక్ష్యం చెప్పినవాళ్ళు లేరు. నా చేత నిజం చెప్పించింది శాస్త్రం మీద ప్రేమ అని రాస్తే బాగుండేది. కాని అది ఈ పొగరే. ఏదైతేనేం, చెప్పించింది.

శనివారం దాకా ఆగలేదు. రామశేషయ్యగారికి రెండు సీసాలూ చూపించి, మూడో సీసాతో అదే పరీక్ష ఆయన ఎదుట చేశాను. ఎందుకు నీళ్ళు పోశానో కూడా చెప్పాను. ఆయన సొరుగులోంచి కాగితం తీశారు.

"చింపేయనా?"

"వద్దండి. ఇలా ఇవ్వండి," అన్నాను. ఫిర్యాదు కింద, తప్పు నాదని, ఎలా జరిగిందో రాసి సంతకం పెట్టాను.

"క్లాసుకు ఎవరు చెబుతారండీ?" అని అడిగారు. అప్పటికే చాలా మెల్లగా మాట్లాడుతున్నారు.

నేనే చెప్పాను. నిలబడి, చెంబు బల్ల మీద పెట్టి, మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. అప్పన్న వెనక గోడ దగ్గర ఉన్నాడు. ఎవరూ నవ్వలేదు. కొందరి ఇళ్ళలో కూడా అలాంటి చెంబులే ఉన్నాయి.

సూర్యనారాయణ లేచాడు.

"అయితే సార్, మేం రాసింది కరెక్టే కదేటి! క్లోరైడు ఉంది కదా! మార్కులిచ్చీయండి సార్."

రామశేషయ్యగారు ఆ ఏడాదిలో మొదటిసారి పైకి నవ్వారు. "ఉన్నది ఉన్నట్టు రాసినందుకు సగం మార్కులు. పద్నాలుగు మందికీ ఒకటే జవాబు ఎలా వచ్చిందని ఒక్కడూ అడగనందుకు మిగతా సగం లేవు," అన్నారు. ప్రతి పరీక్షకు ముందు లవణం వేయకుండా, ఉత్త నీళ్ళతో అదే పరీక్ష ఒకసారి చేయడం మా కాలేజీలో ఆ రోజు మొదలైంది. మీరు కూడా చేయండి. నీళ్ళే తెల్లబడితే లవణాన్ని నిందించకండి.

క్లాసయ్యాక అప్పన్న దగ్గరికి వెళ్ళాను.

"నీకు తెలుసా?"

"తెలుసు బాబూ. తలుపు సందులోంచి రోజూ సూసేవోడినే."

"మరి చెప్పలేదేం?"

గాజు గొట్టాలు తుడుస్తూనే జవాబిచ్చాడు. "ఆ సెంబు నీలు ఎందుకు పోస్తన్నారో నాకు తెల్దేటి? నా ఎంగిలి కడగడానికి పోస్తన్నారు. అది నాను ఎలా సెప్పను బాబూ? సెప్పినా మీరింటారేటి?"

వినేవాణ్ణి కాదు. అది ఇద్దరికీ తెలుసు.

అరుపు

ముప్పై ఏళ్ళలో నేను చూసిన ప్రమాదాల్లో యాసిడ్ వల్ల జరిగినవి తక్కువ. ఎవరో ముందే చూసి, చెప్పలేక ఊరుకున్నందువల్ల జరిగినవే ఎక్కువ. అటెండరు డిమాన్‌స్ట్రేటరుకు చెప్పలేడు. విద్యార్థి లెక్చరరుకు చెప్పలేడు. అందుకని ఆ సోమవారం ఒక నియమం పెట్టాను. ఈ గదిలో ఎవరైనా సరే 'ఆగండి' అంటే అందరి చేతులూ ఆగాలి. ఎందుకని తర్వాత అడగాలి. నియమం పెట్టడం తేలిక. మూడు నెలల దాకా ఎవరూ దాన్ని వాడలేదు.

ఒక రోజు మద్రాసు నుంచి వచ్చిన పెద్ద అధికారి మా గది చూడడానికి వచ్చాడు. కోటు, తలపాగా. పిల్లలకు గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్‌ను పలచన చేయడం చూపిస్తున్నాను. వందసార్లు చేసిన పని. నీళ్ళలో యాసిడ్‌ను కొంచెం కొంచెంగా పోయాలి. యాసిడ్‌లో నీళ్ళు పోస్తే ఒక్కసారిగా సలసల మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. ఆ అధికారితో మాట్లాడుతూ, ఆయన వైపు చూస్తూ, యాసిడ్ ఉన్న బీకరు ముందు పెట్టుకుని నీళ్ళ జగ్గు ఎత్తాను. ముందు వరుస పిల్లలు మెడలు చాచి చూస్తున్నారు.

"ఆగండి బాబూ!"

పడవలో అలల మీదుగా కేకవేసే గొంతు అది. గది దద్దరిల్లింది. అధికారి ఉలిక్కిపడ్డాడు. అటెండరు డిమాన్‌స్ట్రేటరు మీద అరిచాడు, అదీ పైఅధికారి ఎదుట. ఆ అరుపుతో ఉద్యోగం పోవచ్చని అప్పన్నకు తెలుసు. ఒకసారి ఇంచుమించు పోయింది కూడా. ముఖం పాలిపోయింది. కాని చేయి ఇంకా నా వైపు చాపే ఉంది.

జగ్గు గాలిలోనే ఆపాను. బీకరు వైపు చూశాను. అందులో ఉన్నది యాసిడ్.

"మీ దగ్గర నౌకర్లు ఇలాగే అరుస్తారా?" అని అధికారి ఇంగ్లీషులో అడిగాడు.

"అవునండి," అన్నాను. "అరవకపోతే తప్పు."

అధికారి రామశేషయ్యగారి వైపు తిరిగాడు. ఆయన తలూపారు. ఆ సంగతి అక్కడితో అయిపోయింది.

జగ్గు దించాను. అప్పన్న ఖాళీ బీకరొకటి తెచ్చి నా ముందు పెట్టాడు. అందులో నీళ్ళు పోసి, గాజుకడ్డీ వెంబడి యాసిడ్‌ను సన్నగా వదిలాను. పిల్లలను ఒక్కొక్కరినే పిలిచి బీకరు బయటి అంచు తాకి చూడమన్నాను. వెచ్చగా ఉందన్నారు. చుక్క కూడా ఎగరలేదు.